గోళీలతో గేరు!

గోదావరిఖనిలో ‘షిఫ్టు’ అంటే ఏమిటో బడికెళ్లే పిల్లాడికీ తెలుసు. ఫస్టు షిఫ్టు, సెకండు షిఫ్టు, నైటు షిఫ్టు... నాన్న ఎప్పుడు నిద్రపోతాడో, టీవీ శబ్దం ఎప్పుడు తగ్గించాలో, టిఫిన్ డబ్బా ఎప్పుడు సర్దాలో అన్నీ ఆ ఒక్క మాట మీదే నడుస్తాయి. అయితే బాయికి వెళ్లే దారిలో ఇంకో రకం షిఫ్టు కూడా ఉంది. పాత స్కూటరు ఎడమచేతి పిడి దగ్గరున్న క్లచ్ నొక్కిపట్టి, పిడిని కాస్త తిప్పితే ‘టక్’మని పడుతుందే... ఆ గేరు! ఏళ్ల తరబడి స్కూటరు నడిపినవాళ్లలో కూడా ఆ ‘టక్’ లోపల ఏం జరుగుతోందో చూసినవాళ్లు తక్కువే.

చూస్తే ఆశ్చర్యమే. గేరు మార్చినప్పుడు లోపల పళ్లచక్రాలు ఉన్నచోటి నుంచి కదలవు. కదిలేది వేరే వస్తువు. ఆ చిన్న కిటుకును పట్టుకుని, ఒక లేతు మిషనూ బోలెడంత ఓపికా ఉన్నవాళ్లు గేరుబాక్సును సొంతంగా తయారు చేసుకోవచ్చు. అందులో ముఖ్యపాత్ర బేరింగుల్లో కనిపించే ఉక్కు గోళీలది.

వేగం ఇచ్చి బలం కొనుక్కోవడం

అసలు గేరు ఎందుకు? బొగ్గుబాయి కార్మికుణ్ని అడిగితే హాలేజీని చూపిస్తాడు. ఇనుప తాడుతో టబ్బులను లాగే యంత్రమది. దాన్ని నడిపే మామూలు కరెంటు మోటారు నిమిషానికి దాదాపు 1,450 చుట్లు తిరుగుతుంది. తాడు చుట్టుకునే డ్రమ్ము కూడా అదే వేగంతో తిరిగితే టబ్బులు పట్టాలమీద నిలవవు. నిజానికి అంతదాకా కూడా రాదు... అంత బరువును నేరుగా కదిలించే సత్తువే మోటారుకు ఉండదు. మధ్యలో ఒక చిన్న పళ్లచక్రం పెద్ద పళ్లచక్రాన్ని తిప్పేలా అమర్చారనుకోండి. వేగం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది. వేగం ఇచ్చి బలం కొనుక్కోవడమన్నమాట. ఈ బేరంలో రాపిడి పేరుతో కొంత కమీషను పోతుంది, అది వేరే సంగతి.

హాలేజీకి అలాంటి బేరం ఒక్కటి చాలు. బండికి చాలదు. ఇద్దరు పిల్లలనూ, వెనక భార్యనూ ఎక్కించుకుని క్వార్టరు ముందునుంచి కదిలేటప్పుడు బలం కావాలి. రాజీవ్ రహదారి ఎక్కాక వేగం కావాలి. అందుకే మూడు నాలుగు జతల పళ్లచక్రాలు. ఒకసారి ఒక జత మాత్రమే పనిచేయాలి, మిగతావి ఊరికే తిరుగుతుండాలి. ఏ జత పనిచేయాలో ఎంచుకోవడమే గేరు మార్చడం.

పెద్ద బళ్లలో ఇందుకోసం ఫోర్కులతో అటూఇటూ జరిపే ఉంగరాలు ఉంటాయి. పాత స్కూటరు దారి వేరు. 1946లో ఇటలీలో పుట్టిన వెస్పా నుంచి ఆ పద్ధతి మన దేశానికి వచ్చింది. 1972 నుంచి 2009 దాకా వచ్చిన బజాజ్ చేతక్‌లో ఉన్నదీ అదే. (ఇప్పుడు చేతక్ పేరుతో తిరిగేది కరెంటు బండి, దానికి మార్చడానికి గేర్లే లేవు!) వెనక చక్రం తిరిగే బోలు షాఫ్టు మీద పళ్లచక్రాలు చేతికి గాజుల్లా వదులుగా ఉంటాయి. షాఫ్టు లోపల కూడిక గుర్తు ఆకారంలో ఒక ముక్క జారుతుంటుంది. మెకానిక్కులు దాన్ని ‘క్రాస్’ అంటారు. అది ఏ గాజు కిందికి వెళ్తే ఆ గాజు షాఫ్టుకు బిగుసుకుంటుంది. క్రాస్ అంచులు అరిగాయా... గేరు పడినట్టే పడి మధ్యలో జారిపోతుంది. చేతక్ నడిపిన ఇంట్లో ఆ బాధ తెలియనివాళ్లుండరు.

ఆ క్రాస్ స్థానంలో గోళీలు పెడితే? అదే గోళీల గేరుబాక్సు.

టైరు షాపులోనే ఉంది గుట్టు

ఈ కిటుకును కళ్లతో చూడాలంటే గేరుబాక్సు విప్పనక్కర్లేదు, పంక్చర్ షాపుకు వెళ్తే చాలు. కంప్రెసరు గాలిపైపును తగిలించే ఇత్తడి కప్లింగును చూడండి. పైనున్న తొడుగును వెనక్కి లాగితే పైపు ఊడి వస్తుంది, వదిలితే పట్టేస్తుంది. లోపల వరసగా చిన్న గోళీలుంటాయి. తొడుగు వాటిని నొక్కి ఉంచితే అవి పైపు గాడిలో దిగి బిగుసుకుంటాయి. తొడుగు జరిగితే పక్కకు తప్పుకుంటాయి.

గేరుబాక్సులో ఇదే పని తిరగేసి జరుగుతుంది. బోలు షాఫ్టుకు ఒక్కో పళ్లచక్రం కింద మూడేసి రంధ్రాలు. ఒక్కో రంధ్రంలో ఒక్కో గోళీ. పళ్లచక్రం లోపలి అంచున గోళీలు కూర్చునే గుంతలు. షాఫ్టు మధ్యలో అటూఇటూ జారే ఒక కడ్డీ. ఆ కడ్డీ అంతటా సన్నగా ఉండి ఒక్కచోట మాత్రం లావుగా ఉంటుంది, కొండచిలువ మేకపిల్లను మింగినట్టు! ఆ లావు భాగం ఏ గోళీల కిందికి వస్తే అవి బయటికి పొడుచుకొచ్చి గుంతల్లో దిగుతాయి. ఆ గేరు పడినట్టే. కడ్డీ జరగగానే కింద ఆసరా పోయి గోళీలు లోపలికి జారుకుంటాయి, గేరు విడిపోతుంది.

ఇదేదో ఇంట్లో చేసిన బొమ్మ కాదు. జపాన్ కంపెనీ హొడాకా 1964లో అమెరికా మార్కెట్ కోసం తెచ్చిన ‘ఏస్ 90’ మోటారుసైకిల్లో నాలుగు గేర్లూ గోళీలతోనే పడేవి. మట్టి దారుల్లో, కొండల్లో తొక్కడానికి కొనే 90 సీసీ చిన్న బండి అది. తర్వాత ఆ కంపెనీ తెచ్చిన బండ్ల పేర్లు కూడా తమాషాగా ఉండేవి. ఒకదాని పేరు ‘సూపర్ ర్యాట్’... అంటే మహా ఎలుక! 1978తో హొడాకా కథ ముగిసింది. గేరుబాక్సును చిన్నదిగా, తక్కువ ముక్కలతో చేయొచ్చన్నది ఈ పద్ధతిలోని సుఖం. ఫోర్కులు లేవు, జరిగే ఉంగరాలు లేవు. గోళీలు బేరింగుల దుకాణంలో దొరుకుతాయి. పళ్లచక్రాలు, షాఫ్టు, కడ్డీ ఉంటే సరిపోతుంది.

కాగితం మీద ఇంత సులువుగా కనిపించేది లేతు మీదికి వెళ్లేసరికి లెక్క అడుగుతుంది.

ఒక్క మిల్లీమీటరు

మూడు గేర్ల చిన్న పెట్టెను గీద్దాం. షాఫ్టు బయటి కొలత 25 మిల్లీమీటర్లు, లోపలి బోలు 14. గోళీ 8. కడ్డీ లావు భాగం బోలుకు సరిపడా 14 ఉంటే గోళీ షాఫ్టు పైకి రెండున్నర మిల్లీమీటర్లు పొడుచుకొస్తుంది. సగం కన్నా తక్కువే. అలాగే ఉండాలి, ఎందుకంటే గోళీ నడుము షాఫ్టు రంధ్రంలోనే నిలవాలి. గోళీ పూర్తిగా లోపలికి పోవాలంటే కడ్డీ సన్నభాగం ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు ఉంటే సరి. అప్పుడు గోళీ నెత్తి షాఫ్టు పైతలానికి పావు మిల్లీమీటరు కిందే ఉంటుంది.

పళ్లచక్రాల జతలు 15-35, 20-30, 25-25. ఏ జత పళ్లు కలిపినా 50 వస్తుంది. అలా రాకపోతే రెండు షాఫ్టుల మధ్య దూరం ఒకేలా కుదరదు.

ఇక బరువు. 2 హార్స్‌పవర్ బుల్లి ఇంజిను నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. గేరుబాక్సుకు చేరేలోపే వేగం ఒకసారి నాలుగో వంతుకు తగ్గుతుంది. మొదటి గేరులో ఇంకాస్త తగ్గుతుంది. వేగం తగ్గిన మేరకు బలం పెరుగుతుంది కదా... లెక్క వేస్తే ఒక్కో గోళీ మీద పడే తోపుడు 70 కిలోలకు పైనే. శనగగింజ కన్నా కాస్త పెద్ద గోళీ మీద ఒక మనిషి నిలబడినట్టు! అదీ మూడు గోళీలూ భారాన్ని సమానంగా పంచుకుంటేనే. రంధ్రాలు కచ్చితంగా మూడు సమభాగాల్లో పడక ఒక్క గోళీయే ముందుగా తగిలితే, మొత్తం రెండొందల కిలోల పైచిలుకు దాని నెత్తినే. క్లచ్‌ను ఒక్కసారిగా వదిలే అలవాటున్న చేతికి చిక్కితే ఇంకా ఎక్కువ. అందుకే రంధ్రాలు కంటిచూపుతో వేసేవి కావు, డివైడింగ్ హెడ్ మీద కొలిచి వేయాల్సినవి.

ఆ తోపుడులో కొంత భాగం గోళీని లోపలికి కూడా నొక్కుతుంది. ఈ కొలతలతో ఒక్కో గోళీ కడ్డీని దాదాపు 30 కిలోల బలంతో అదుముతుంది. ఆసరా తీయగానే గోళీలు తప్పుకునేది దీనివల్లే. యాక్సిలరేటర్ తగ్గించకుండా, క్లచ్ నొక్కకుండా లాగితే కడ్డీ మొండికేసేదీ దీనివల్లే.

అసలు పరీక్ష పళ్లచక్రాల మధ్య దూరంలో ఉంది. కడ్డీ లావు భాగం పొడవు 4 మిల్లీమీటర్లు, దానికి రెండువైపులా గోళీలు ఎక్కి దిగడానికి 45 డిగ్రీల వాలు పెట్టామనుకోండి. ఒక గేరు గోళీల వరస నుంచి పక్క గేరు గోళీల వరసకు 13 మిల్లీమీటర్లు ఉంటే, కడ్డీ సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు రెండు వరసలూ లోపలే ఉంటాయి. మిగిలే సందు వెంట్రుక మందమే కానీ, అదే న్యూట్రల్. ఆ దూరాన్ని 12కు తగ్గించండి. మధ్యలో ఉన్నప్పుడు రెండు వరసలూ కాస్త లేచి, షాఫ్టు పైకి 0.16 మిల్లీమీటరు తొంగిచూస్తాయి. రెండు పళ్లచక్రాలనూ గీరుతూ ‘టకటక’ శబ్దం మొదలవుతుంది. పెట్టె చిన్నదవుతుందన్న ఆశతో 11కు తగ్గిస్తే రెండు వరసలూ అర మిల్లీమీటరు దాటి బయటికొస్తాయి. అప్పుడు రెండు గేర్లు ఒకేసారి పడే ప్రమాదం ఉంటుంది. రెండు గేర్లు ఒకేసారి పడటమంటే రెండు వేగాలతో ఒకేసారి తిరగమనడం. అది జరిగేపని కాదు కాబట్టి మొత్తం బిగుసుకుపోతుంది. వెనక చక్రం ఉన్నచోటే ఆగుతుంది. బండి మాత్రం ఆగదు.

బొగ్గు ఊళ్లో కట్టెబొగ్గు

గోళీలు పుట్టుకతోనే గట్టివి. వాటితో రాసుకునేవన్నీ అంత గట్టిగా లేకపోతే ఓడిపోయేది అవే. మెత్తటి ఉక్కుతో చేసిన షాఫ్టులో కొద్దికాలానికే రంధ్రాల అంచులు దెబ్బలు తిని లోపలికి వంగుతాయి, గోళీలు ఇరుక్కుంటాయి. గుంతల అంచులు గుండ్రంగా అరుగుతాయి, గేరు జారడం మొదలవుతుంది. అంటే చేతక్ క్రాస్ కథే మళ్లీ!

అందుకే షాఫ్టుకు మెషిన్‌షాపుల్లో ‘ఈఎన్ 24’ అని పిలిచే గట్టి రకం ఉక్కు, పళ్లచక్రాలకు పైపొర మాత్రమే గట్టిపడే రకం ఉక్కు వాడతారు. లోపల మెత్తగా ఉండి దెబ్బను ఓర్చుకోవాలి, పైన గట్టిగా ఉండి అరుగుదలను ఆపాలి. దీన్నే కేస్ హార్డెనింగ్ అంటారు. పాత పద్ధతిలో అయితే భాగాన్ని కట్టెబొగ్గు పొడి నింపిన ఇనుప పెట్టెలో పెట్టి, గాలి చొరకుండా మూసి, దాదాపు 900 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచుతారు. కర్బనం ఉక్కు చర్మంలోకి ఇంకుతుంది. తర్వాత నూనెలో ముంచితే ఆ పొర రాయిలా గట్టిపడుతుంది. కాళ్ల కిందంతా బొగ్గున్న ఊళ్లో కట్టెబొగ్గు ఎందుకంటారా? గనిబొగ్గులో గంధకం ఉంటుంది, ఉక్కుకు అది చేటు.

కాల్చి ముంచిన ఉక్కు కాస్త వంకర పోతుంది కూడా. 25 మిల్లీమీటర్ల రంధ్రం తిరిగి కొలిస్తే 25 ఉండదు. గ్రైండింగు చేయాలి. ఇంటి షెడ్లో లేతు ఉండొచ్చు కానీ గ్రైండింగు మిషను ఉండదు, దానికోసం పెద్ద వర్క్‌షాపు తలుపు తట్టక తప్పదు. సొంతంగా చేశామని చెప్పుకునే ప్రతి యంత్రంలోనూ ఇలా బయటివాళ్ల చేయి కొంత ఉంటుంది. ఒప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన పనేం లేదు.

ఇంకో చిన్న చిక్కు. షాఫ్టు తిరుగుతుంటుంది, దాంతోపాటు లోపలి కడ్డీ కూడా. చేతి పిడి నుంచి వచ్చే కేబుల్ తిరగకూడదు. తిరిగేదాన్ని తిరగనిది లాగాలి! కడ్డీ చివర ఒక చిన్న బేరింగు పెడితే సరిపోతుంది. తీరా అన్నీ బిగించాక గుర్తొచ్చే విషయాల్లో ఇదొకటి.

ఆఖరి కదలిక దగ్గర

అంతా కుదిరి, ఒక్క కదలిక దగ్గర ఆగిపోవడం సొంతంగా యంత్రం చేసేవాళ్లకు మామూలే. మన తెలుగునాట ఇందుకు అందరికీ తెలిసిన కథ చింతకింది మల్లేశంది. ఆలేరు దగ్గరి శారాజీపేట ఊరు. ఆరో తరగతితో బడి మానేసిన చేనేత ఇంటి పిల్లాడు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే తల్లి లక్ష్మి చేతిని మేకుల చుట్టూ దాదాపు 9 వేల సార్లు తిప్పాలి. భుజం పోతోందని ఆమె ఏడుస్తుంటే చూడలేక 1992లో ఆసు యంత్రం మొదలుపెట్టారు. ఒక్కో కదలికనూ విడగొట్టుకుంటూ, డబ్బు ఉన్నప్పుడు కొంత చేసుకుంటూ వచ్చారు. ఒక కదలిక మాత్రం కుదరలేదు. ఊళ్లో ఎగతాళి, చేతిలో డబ్బు లేదు. హైదరాబాద్ వెళ్లి కరెంటు పనులు చేసుకున్నారు. అక్కడ బాలానగర్లో ఒక యంత్రం పనిచేస్తుంటే, తనకు కావాల్సిన కదలిక అందులో కనిపించింది. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన జీవితం సినిమాగా వచ్చింది.

మల్లేశం యంత్రంలో గోళీల గేరు లేదు, ఆ అవసరమూ లేదు. కానీ ఏడేళ్లూ ఆయన చేసింది ఈ పనే... ఏది ఎప్పుడు కదలాలి, ఏది ఎప్పుడు ఆగాలి అని తేల్చుకోవడం. ఆ ఆఖరి కదలిక ఆయనకు పుస్తకంలో కాదు, పనిచేస్తున్న యంత్రంలో దొరికింది.

గోదావరిఖని, రామగుండంలాంటి చోట అలా చూసి నేర్చుకోవడానికి యంత్రాలకు కొదవలేదు. బాయి పనిలో ఫిట్టరుగా జీవితమంతా గడిపిన మనిషి ఉన్న ఇళ్లెన్నో. సెంటినరీ కాలనీలో జేఎన్‌టీయూ ఇంజినీరింగు కళాశాల ఉంది. ఇలాంటి గేరుబాక్సును రోడ్డుమీద తిప్పే బండికి బిగించేముందు మాత్రం ఆగాల్సిందే. రిజిస్ట్రేషను వివరాలకు, కంపెనీ ఇచ్చిన కొలతలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ఒప్పుకోదు. విద్యార్థులకైతే వేరే దారి ఉంది. 2007 నుంచి మన దేశంలో జరుగుతున్న ‘బాజా’ పోటీలకు ఇంజినీరింగు విద్యార్థులు మట్టి దారుల్లో నడిచే బండిని సొంతంగా కట్టుకుని వెళ్తారు. కొన్ని జట్లు గేరుబాక్సును కూడా తామే గీసుకుంటాయి. లేదంటే ఇంట్లో బల్లమీదే బిగించి, ఒక చిన్న మోటారుతో తిప్పి చూసుకోవచ్చు.

ముందు ఒకే పళ్లచక్రం, మూడు గోళీలు, పొట్టి కడ్డీతో నమూనా చేసుకోవడం మేలు. అది నమ్మకంగా పడి విడిపోతున్నాకే మిగతా రెండు గేర్ల జోలికి. అంతా బిగించాక మోటారు పెట్టకుండా ముందు చేత్తో తిప్పాలి. ఒకటి, న్యూట్రల్, రెండు, న్యూట్రల్, మూడు... ఎక్కడైనా బరువుగా తగిలితే అక్కడే ఆపాలి. తర్వాత నూనె పోసి, బరువు లేకుండా మోటారుతో అరగంట, కొద్దిపాటి బరువుతో ఇంకో గంట. అప్పుడు మళ్లీ మొత్తం విప్పాలి. ఇక్కడే చాలామందికి చేతులు రావు, నడుస్తున్నదాన్ని విప్పడమెందుకని.

విప్పి, గుడ్డతో నూనె తుడిచి, పళ్లచక్రం లోపలి గుంతలను వెలుతురులో చూడాలి. గోళీ ఒత్తిడి పడినచోట సన్నటి మెరుపు గీత ఉంటుంది. మూడు గుంతల్లోనూ అది ఒకే వెడల్పున ఉంటే భారం సమానంగా పడుతోందన్నమాట. ఒక్కదాంట్లోనే ఉంటే... షాఫ్టు పక్కన పెట్టి, మళ్లీ డివైడింగ్ హెడ్ దగ్గరికే.